మా రోజుల్లో, అంటే 1905లో

శనివారం మధ్యాహ్నం కాళ్ళు బల్ల మీద పెట్టుకుని టీవీ ముందు కూలబడతావు కదా అబ్బాయ్, ఒళ్ళో చిప్స్ పొట్లం, చేతిలో ఫోను, ఒంటి మీద మీ కాలేజీ వాళ్ళు నీకు అంటగట్టిన జెర్సీ. ఈసారి ఆ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్‌ని కాస్త నిదానంగా చూడు. నిలువెత్తు మనిషి. చుట్టూ లక్షమంది కేకలు. బంతి అందుకునే ముందు ఆ మహావీరుడు చేసే పనేమిటి? తల దించుకుని, రెండు చేతులతో హెల్మెట్ చెవులు మూసుకుని నిలబడతాడు. లోపల బుల్లి స్పీకరుంది. మైదానం గీత అవతల నుంచి కోచ్ అందులో చెబుతుంటాడు, ఈ ఆట ఆడు నాయనా, అటు చూడు నాయనా అని. పెద్ద కాలేజీల ఆటలో 2024 నుంచి ఇది చట్టబద్ధం. అంతకు ముందు ఇంకా ఘోరం. గీత పక్కన కుర్రాళ్ళు పెద్దపెద్ద అట్టలు ఎత్తి పట్టుకునేవాళ్ళు, వాటి మీద ఏవో బొమ్మలు, వాటి కోసం మైదానంలో అందరూ ఒక్కసారే మెడలు తిప్పేవాళ్ళు.

మా రోజుల్లో గీత బయటి నుంచి ఎవరైనా ఆట చెబితే తప్పు. జట్టుకు జరిమానా. ఏ ఆట ఆడాలో, ఎప్పుడు తన్నాలో, ఎప్పుడు పరిగెత్తాలో అన్నీ క్వార్టర్‌బ్యాకే తేల్చుకోవాలి. కోచ్ బెంచీ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కోవాలి. గెలిస్తే కుర్రాడి తెలివి, ఓడితే కుర్రాడి ఖర్మ.

మా రోజులంటే ఏ రోజులు తాతా అంటావు. ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. నేను పుట్టింది స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, బాపట్ల పక్కన. ఇరవై దాటేదాకా ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదనే నా నమ్మకం. నేను మా రోజులంటున్నవి 1903 నుంచి 1906 దాకా. నా సొంత రోజుల్లో నాకు దక్కింది కిరసనాయిలు డబ్బా పట్టుకుని లైన్లో నిలబడటం, దాని గురించి ఏమని గొప్పలు చెప్పుకోను? అందుకని నాకు నచ్చిన రోజులు నేను ఎంచుకున్నాను. పెద్దవాణ్ణి, ఆ మాత్రం చనువు నాకు ఉండదా?

ఈ రోజులు నాకు ఎవరు అంటగట్టారో కూడా చెబుతాను. డెబ్భైల మొదట్లో షికాగో యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చినప్పుడు హైడ్ పార్క్‌లో ఒక పాత ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాను. ఇంటాయనకు అప్పటికే డెబ్భై అయిదు దాటాయి. ఒంటరి మనిషి. అద్దె ఇవ్వడానికి కిందికి దిగితే అరగంట తక్కువ కాకుండా కూర్చోబెట్టేవాడు. మంచినీళ్ళు కూడా అడిగేవాడు కాదు కానీ ఒకప్పుడు షికాగో జట్టులో ఆడిన ఎకర్‌సాల్ గురించి మాత్రం తనివితీరా చెప్పేవాడు. పదేళ్ళ వయసులో, 1905 థ్యాంక్స్‌గివింగ్ రోజున, వాళ్ళ నాన్న భుజాలెక్కి అతని ఆట చూశాడట. చెప్పిన ప్రతిసారీ ఆ రోజు చలి మరికాస్త పెరిగేది, నాన్న భుజాలు మరికాస్త ఎత్తయ్యేవి. నాకేం, కొత్త దేశం, తెలుగు మాట వినపడదు, వంట రాదు. ఆయన ముచ్చట్లు వింటుంటే మా తాతయ్య అరుగు మీద కూర్చున్నట్టుండేది. అలా ఆయన రోజులు నాకు వారసత్వంగా వచ్చాయి. ఇప్పుడు నీకిస్తున్నాను, ఫోను పక్కన పెట్టి విను.

వాల్టర్ ఎకర్‌సాల్ పరాయి ఊరివాడు కాడు, ఆ పేటవాడే. హైడ్ పార్క్ హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్. బరువు నూట నలభై పౌన్ల చిల్లర, అంటే మన లెక్కలో అరవై అయిదు కిలోలు. ఇవాళ ఆ బరువు కుర్రాడు మైదానంలోకి వస్తే నీళ్ళ సీసాలు అందించడానికి వచ్చాడనుకుంటారు. అతను మాత్రం మెరుపు వేగంతో పరిగెత్తేవాడు. 1902లో బ్రూక్లిన్ నుంచి ఒక స్కూలు జట్టు షికాగో వచ్చింది, తూర్పు వాళ్ళం మాకు ఆటొచ్చని మహా ధీమాతో. హైడ్ పార్క్ పిల్లలు 105–0తో సాగనంపారు. ఆ ఆట చూడటానికి వచ్చిన ఒక నార్వే పిల్లాడు ఎకర్‌సాల్ అంటే పడి చచ్చిపోయాడు. అతనే తర్వాత నోటర్ డామ్‌లో మహా కోచ్ అయిన నూట్ రాక్నీ. తన మొదటి హీరో ఎకర్‌సాలేనని ఆయనే రాసుకున్నాడు.

సరే, అంత ఆటగాడు ఏ కాలేజీకి వెళ్ళాలి? ఇంటి పక్కన షికాగో యూనివర్సిటీ ఉండనే ఉంది, అక్కడ ఏమస్ అలోంజో స్టాగ్ కోచ్. అటు మిషిగన్‌లో ఫీల్డింగ్ యోస్ట్ కూడా గాలం వేశాడు. కుర్రాడు ఆన్ ఆర్బర్ రైలెక్కబోతుంటే స్టాగ్ స్టేషనుకు పరిగెత్తుకెళ్ళి ప్లాట్‌ఫారం మీద నుంచే వెనక్కి లాక్కొచ్చాడని కథ చెబుతారు. మీకు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, ఫోనులో వేలు నొక్కితే ఏడాదికో కాలేజీ మారతారు. మా రోజుల్లో ఆటగాడి కోసం కోచ్ స్వయంగా వగరుస్తూ ప్లాట్‌ఫారం మీదికి రావాలి. అందులో ఒక గౌరవం ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే రెండూ ఒకటేనేమో అనిపిస్తుంది కానీ రైలుకున్న అందం ఫోనుకు రాదు కదా.

ఇక ఆట సంగతి. అప్పటి ఆట నీకు చూపిస్తే గుర్తుపట్టవు. మైదానం 110 గజాలు. ఇవాళ నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోతే చాలు, అప్పుడు మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు. బంతిని ఎదుటివాళ్ళ గోల్ గీత దాటించే టచ్‌డౌన్‌కు 5 పాయింట్లు, గోల్ కంబాల మధ్య నుంచి తన్నే ఫీల్డ్ గోల్‌కు 1904 నుంచి 4. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. క్వార్టర్‌బ్యాక్ ముందుకు దూసుకెళ్ళాలన్నా బంతి పెట్టిన చోటు నుంచి పక్కకు అయిదు గజాలు జరిగి అక్కడ గీత దాటాలి. అతను సరిగ్గా జరిగాడో లేదో తేల్చడానికి మైదానం మీద నిలువు గీతలు కూడా గీసేవాళ్ళు. ఆట ముప్పై అయిదేసి నిమిషాల రెండు సగాలు. ఒకసారి బయటికి వెళ్ళినవాడు మళ్ళీ లోపలికి రాకూడదు. దాడి చేసేవాడు, కాపు కాసేవాడు, తన్నేవాడు అంతా ఒక్కడే. ఎకర్‌సాల్ పరిగెత్తేవాడు, పంట్ కొట్టేవాడు, అంటే చేతిలోంచి వదిలిన బంతిని నేల తాకకముందే దూరంగా తన్నేవాడు, ఎదుటివాళ్ళు కొట్టిన పంట్ పట్టుకునేవాడు, మీదికొచ్చినవాణ్ణి పడగొట్టేవాడు, మధ్యలో ఎవరెక్కడ నిలబడాలో కేకేసి చెప్పేవాడు. ఇప్పుడు తన్నడానికొకడు, ఆ తన్నేవాడికి బంతి నిలబెట్టడానికొకడు, ఆ నిలబెట్టేవాడికి వెనక్కి అందించడానికి ఇంకొకడు. ముగ్గురికీ స్కాలర్‌షిప్పే!

అన్నట్టు తన్నడం అంటే గుర్తొచ్చింది. డ్రాప్ కిక్ ఎప్పుడైనా చూశావా? చూసి ఉండవు. బంతిని రెండు చేతుల్లోంచి కిందికి వదలాలి. అది నేలను తాకి పైకి లేచే ఆ రెప్పపాటులో కాలి ముందుభాగంతో తన్నాలి. ముందు తన్నితే అది పంట్, ఆలస్యమైతే నవ్వులపాలు. మీదికి పదకొండుమంది వస్తుండగా, బురదలో, గాలిలో, రెండు గోల్ కంబాల మధ్య నుంచి పోయేలా కొట్టాలి. ఎకర్‌సాల్ ఒక్క ఆటలో ఇలాంటివి అయిదు కొట్టాడు. అప్పటి బంతి దానికి అనుకూలంగా ఉండేది. మన పప్పులో వేసుకునే పసుపుపచ్చ దోసకాయ చూడు, అలా బొద్దుగా, కొసలు మొద్దుగా ఉండేది, కింద పడితే చెప్పిన మాట విని నిటారుగా లేచేది. తర్వాత చేత్తో విసరడానికి వీలుగా ఉండాలని దాన్ని చెక్కుతూ చెక్కుతూ 1934 నాటికి దొండకాయ చేసి పెట్టారు. ఇప్పుడది కింద పడితే ఏ వైపు దూకుతుందో దానికే తెలియదు. అలా పోయింది డ్రాప్ కిక్. రూల్సులో ఇంకా ఉంది, కొడితే పాయింట్లిస్తారు, కొట్టేవాడే లేడు. 2006లో డగ్ ఫ్లూటీ అని రిటైరవబోయే ఆటగాడు ప్రొఫెషనల్ ఆటలో సరదాకి ఒకటి కొట్టాడు. అది చూసి నేను సోఫా మీంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మీ నానమ్మ బీపీ మాత్ర వేసుకున్నావా అంది.

ఎక్కడున్నాం? థ్యాంక్స్‌గివింగ్. 1905 నవంబరు 30. మార్షల్ ఫీల్డ్ అనే మైదానం. షికాగోలో పెద్ద దుకాణం నడిపిన మార్షల్ ఫీల్డ్ అనే ఆసామి ఆ స్థలం ఇచ్చాడు, అందుకని ఆ పేరు. పాతిక వేలు దాటిన జనం. ఎదుట మిషిగన్. 1901 నుంచి వరసగా 56 ఆటల్లో ఓటమి అన్నది ఎరగని జట్టది. ఆ ఏడాది అప్పటిదాకా వాళ్ళు కొట్టినవి 495 పాయింట్లు, వాళ్ళ మీద పడినవి సున్నా. ఇలాంటి వాళ్ళ మీద ఎంతకు గెలిచారు మనవాళ్ళు? 2–0!

నవ్వు, నవ్వు. నీకు 48–45 కావాలి. అయిదు నిమిషాలకో టచ్‌డౌన్ పడాలి, మధ్యలో కార్లవాడూ ఇన్సూరెన్సువాడూ వచ్చి పోవాలి. ఒక్క రెండు పాయింట్ల కోసం డెబ్భై నిమిషాలు ఒకళ్ళనొకళ్ళు తోసుకోవడంలో ఉన్న రసం నీకేం తెలుసు? ఆ ఆటంతా ఎకర్‌సాల్ కాలి మీద నడిచింది. బంతి దొరికినప్పుడల్లా దూరంగా తన్ని మిషిగన్‌ను వాళ్ళ గోల్ గీత దగ్గరికి నెట్టేవాడు. ఒకసారి తమ గోల్ గీత పక్కనే పంట్ కొట్టడానికి నిలబడ్డాడు. అక్కడ ఏ చిన్న పొరపాటు జరిగినా ఆట చేజారినట్టే. మిషిగన్‌వాళ్ళు ఆ కాలు ఆపాలని మీదికొచ్చారు. తన్నుతాడనుకున్నవాడు కాస్తా బంతి చంకన పెట్టుకుని వాళ్ళ పక్క నుంచి జారుకుని పరిగెత్తాడు, గండం గట్టెక్కించాడు. స్పీకరులో చెప్పిందెవరు? ఎవరూ లేరు. తనకే తోచింది. బెంచీ మీద స్టాగ్ గుండె ఆగి మళ్ళీ కొట్టుకుని ఉంటుంది.

మా ఇంటాయన ఈ ఘట్టం దగ్గరికి రాగానే కుర్చీలోంచి లేచేవాడు. ఎడమ చంకలో దినపత్రిక ఇరికించుకుని ఆ వరండాలోనే రెండడుగులు పక్కకు వేసి చూపించేవాడు. మోకాళ్ళు కటకటమనేవి. చూసి నవ్వాపుకోవడం నావల్ల అయ్యేది కాదు. ఇప్పుడు ఆ రెండడుగులూ నేనే వేసి చూపిస్తుంటే నువ్వు ఫోనులో వీడియో తీస్తున్నావు. తీసుకో.

రెండో సగంలో ఎకర్‌సాల్ కొట్టిన పంట్ మిషిగన్ గోల్ గీత అవతల పడింది. దాన్ని పట్టుకున్న డెనీ క్లార్క్ అనే కుర్రాడు అక్కడే నేలకు ఆనించి కూర్చుంటే ఏ గొడవా లేకపోను. పరిగెత్తాడు. గీత దాటి బయటికి వచ్చాడో లేదో, షికాగో కెప్టెన్ మార్క్ కేట్లిన్, ఇంకో ఆటగాడూ కలిసి ఎత్తి మళ్ళీ గీత వెనక్కి తోసి పడేశారు. ఇవాళైతే ముందుకొచ్చిన చోటే బంతి లెక్క, ఈల వేసి ఆపేస్తారు. అప్పుడలా కాదు, ఎక్కడ పడితే అక్కడే. సొంత గోల్ గీత వెనక పడితే అది సేఫ్టీ, ఎదుటివాళ్ళకు రెండు పాయింట్లు. అంతే, 56 ఆటల జైత్రయాత్ర అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడ నేనొక మాట దాచకూడదు. మా రోజుల్లో ఓడినవాణ్ణి ఎవరూ ఏమీ అనేవారు కాదు, ఇప్పుడే ఈ సోషల్ మీడియా వచ్చి పిల్లల్ని పీక్కుతింటోందని నేను అంటూనే ఉంటాను. ఆ డెనీ క్లార్క్‌ను మాత్రం పత్రికలవాళ్ళు వదల్లేదు. ఆటంతా అతనే పోగొట్టాడని రాశారు. ఆ రెండు పాయింట్లు అతన్ని బతికినన్నాళ్ళూ వెంటాడాయి. 1932లో ప్రాణం తీసుకున్నాడు. మా ఇంటాయన ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు. నేనే తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆయనకు తెలియదో, చెప్పడం ఇష్టం లేదో.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పటి ఆటగాళ్ళకు ఒంటినిండా మెత్తలు, తలకు హెల్మెట్లు, ఈల లేటయితే విచారణ, తల తగిలితే డాక్టరు. మా రోజుల్లో తోలు టోపీ పెట్టుకోవడం కూడా ఇష్టముంటేనే, మగతనం అంటే అది అని నేను చెప్పబోతుంటాను, అప్పుడు ఆ అంకె గుర్తొస్తుంది. 1905లో ఒక్క ఏడాదిలో ఈ ఆటలో 18 మంది చనిపోయారని షికాగో ట్రిబ్యూన్ లెక్క వేసింది. చాలామంది నీ వయసువాళ్ళే. ప్రెసిడెంట్ థియడోర్ రూజ్‌వెల్ట్ అంతటివాడు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళను వైట్ హౌస్‌కు పిలిపించి ఆట బాగు చేసుకోండని చెప్పాల్సి వచ్చింది. కాబట్టి హెల్మెట్ మీద నాకేం కోపం లేదు. అందులో స్పీకరు మీదే నా కోపం.

ఆ చావుల పుణ్యమా అని 1906లో రూల్సు మారాయి. మూడు ప్రయత్నాల్లో పది గజాలన్నారు. బంతిని ముందుకు విసరొచ్చన్నారు, కానీ ఎన్ని ఆంక్షలనుకున్నావు! విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేల మీద పడిందా, బంతి ఎదుటివాళ్ళకే. ఇవాళ మీ వీరుడు నలభైసార్లు విసిరి పదిహేనుసార్లు నేల మీద పారేసినా భుజం తట్టి పంపిస్తారు. అప్పుడు విసరాలంటే గుండెల్లో దమ్ముండాలి. స్టాగ్‌కూ ఎకర్‌సాల్‌కూ ఆ కొత్త ఆయుధం తెగ నచ్చింది. ఇల్లినాయ్ మీద 63–0. నెబ్రాస్కా మీద 38–5. వాటికి ముందు ఒక్క మిన్నెసోటా మాత్రం... దాని సంగతి తర్వాత చెబుతాను, ఇప్పుడు చెబితే నాకు బీపీ పెరుగుతుంది.

ఫుట్‌బాల్ పండితుడు వాల్టర్ క్యాంప్ ఏటా దేశం మొత్తానికి ఒక మేటి జట్టు ప్రకటించేవాడు. తూర్పు కాలేజీల వాళ్ళు తప్ప ఇతరులు ఆయన కంటికి సాధారణంగా ఆనేవారు కాదు. అటువంటాయన 1904, 1905, 1906 మూడేళ్ళూ ఎకర్‌సాల్‌ను ఎంచాడు. ఎకర్‌సాల్ వెనక బెంచీ మీద కూర్చున్న జెస్సీ హార్పర్ తర్వాత నోటర్ డామ్‌కు కోచ్‌గా వెళ్ళాడు. 1913లో గస్ డొరే విసరగా రాక్నీ పట్టి ఆర్మీ జట్టును 35–13తో చిత్తు చేసిన ఆట ఆయన చేతుల మీదుగానే జరిగింది. ఇప్పుడు మీరు చూసే విసురుళ్ళన్నిటికీ వేరు ఎక్కడుందో చూడు.

ఇక డబ్బు. ఈ మాటెత్తితే నన్నెవరూ ఆపలేరు. 2021 నుంచి కాలేజీ ఆటగాడు తన పేరూ బొమ్మా అమ్ముకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్ళకు ఏడాదికి రెండు కోట్ల డాలర్ల దాకా పంచొచ్చు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి ఏజెంటు, లాయరు, ఆడిటరు! మా రోజుల్లో చదువుకోవడానికి కాలేజీకి వచ్చేవాళ్ళు, సాయంత్రం ఆడుకునేవాళ్ళు, డిగ్రీ పట్టుకుని ఇంటికెళ్ళేవాళ్ళు.

ఎకర్‌సాల్ మాత్రం డిగ్రీ పట్టుకుని వెళ్ళలేదు. ఏం చెప్పను. చేరేటప్పుడే చాలినన్ని మార్కుల్లేవు, చేర్చుకున్నారు. 1905 ఆకురాలు కాలంలోనే ఎడ్వర్డ్ జోర్డన్ అనే ఆయన కాలియర్స్ పత్రికలో వరసగా వ్యాసాలు రాసి ఈ బాగోతాలన్నీ ఎండగట్టాడు, అందులో షికాగో పేరూ ఉంది, మనవాడి పేరూ ఉంది. ఆడే అర్హత ఉన్నన్నాళ్ళూ అందరూ నెత్తిన పెట్టుకున్నారు. 1906 సీజను అయిపోయి, ఇక ఆడటానికి వీల్లేదనగానే, కొన్నాళ్ళకే యూనివర్సిటీకి అతని నడవడి బాగాలేదని గుర్తొచ్చింది. పొమ్మంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. మైదానం నిండా జనం కొన్న టికెట్ల డబ్బు ఎవరికి పోయింది? అతనికైతే రాలేదు. ఆ రోజుల్లో డబ్బు లేదని కాదురా అబ్బాయ్, ఆడినవాడికి లేదు. అదే నీతి అనుకుని నేను యాభై ఏళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నాను.

తర్వాత అతను షికాగో ట్రిబ్యూన్‌లో ఆటల విలేకరి అయ్యాడు. 1930లో పోయేదాకా అదే పని. అదొక్కటే కాదు, ఆటలకు రిఫరీగా కూడా వెళ్ళేవాడు. శనివారం ఈల వేసేది అతనే, ఆదివారం ఆ ఆట ఎలా జరిగిందో పత్రికలో రాసేదీ అతనే. రాక్నీ తన ఆటలకు ఏరి కోరి అతన్నే పిలిపించేవాడు. ఇవాళ ఎవడైనా ఇలా చేస్తే మీరు గగ్గోలు పెడతారు. నేనూ పెడతాను. కానీ ఒకటి, అప్పుడు వీడియో రివ్యూ లేదు. రిఫరీ తెరలో తల దూర్చి అయిదు నిమిషాలు చూడటం, మనం ఈలోపు పకోడీలు వేయించుకుని తినేయడం, ఈ నస లేదు. ఈల వేశాడంటే వేశాడు. మర్నాడు పేపర్లో తన ఈల సరైనదేనని తనే రాసుకునేవాడు. ఎంత సుఖం!

ఇప్పుడు ఆ మైదానం ఏమైంది? దానికి తర్వాత స్టాగ్ పేరు పెట్టారు. జట్టు చితికిపోతూ వచ్చింది. 1939లో అదే మిషిగన్ చేతిలో 85–0. 2–0కు బదులు తీర్చుకోవడానికి వాళ్ళు ముప్పై నాలుగేళ్ళు ఆగినట్టుంది. ఆ ఏడాది చివర్లో యూనివర్సిటీ అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ చదువుకునే చోట ఈ గొడవెందుకని ఫుట్‌బాల్‌నే ఎత్తేశాడు. ఖాళీ అయిన ఆ గ్యాలరీ కింద 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీ బృందం మొట్టమొదటి అణు గొలుసు చర్య నడిపించింది. ఆట ఎత్తేస్తే ఖాళీ జాగాలో ఏం పుడుతుందో చూశావా! తర్వాత గ్యాలరీలు కూల్చేసి ఆ చోట రెగెన్‌స్టైన్ లైబ్రరీ కట్టారు. నేను వచ్చేనాటికి అది కొత్తది. ఎకర్‌సాల్ డ్రాప్ కిక్ కొట్టిన నేల మీద కూర్చుని గణాంకశాస్త్రం పుస్తకం మీద తల వాల్చి నేను నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు పక్కనే ఇంకో అద్దాల గుమ్మటం లేపారు, 2011లో. అందులో పుస్తకాలన్నీ భూమి అడుగున పెట్టెల్లో ఉంటాయి, కావాలని కంప్యూటర్లో అడిగితే యంత్రం పైకి తెచ్చిస్తుంది. బీరువాల మధ్య తిరుగుతూ వెతకాల్సిన పుస్తకం వదిలేసి దాని పక్క పుస్తకం చదువుకునే భాగ్యం అక్కడ లేదు.

షికాగో, మిషిగన్ లాంటి జట్లు కలిసి పెట్టుకున్న పశ్చిమ కాలేజీల సంఘం 1896లో ఏడు కాలేజీలతో మొదలైంది. అదే ఇవాళ నువ్వు చూసే బిగ్ టెన్. పేరులో పది, లెక్కకు పద్దెనిమిది, పసిఫిక్ ఒడ్డు నుంచి న్యూ జెర్సీ దాకా. అంకెలు కూడా నేర్పని కాలేజీలకు వేలకు వేలు ఫీజులు కడుతున్నాం. మొదట్లో ఉన్న షికాగో ఇప్పుడందులో లేదు.

ఇక ఆ మిన్నెసోటా సంగతి. 1906 నవంబరు 10. ఎకర్‌సాల్ ఆఖరి సీజను. కొత్తగా వచ్చిన విసురు విద్య చేతిలో ఉంది, జట్టు ఉరకలేస్తోంది. ఆ రోజే వాన. మైదానమంతా బురద, బంతి చేతిలో నిలవదు, విసిరితే ఎటుపోతుందో తెలియదు. 4–2తో ఓడిపోయారు. ఆ వాన పడకపోతే ఆ ఏడూ షికాగోదే, రాసిపెట్టుకో. ఇప్పుడైతే కప్పులున్న స్టేడియాలు, ప్లాస్టిక్ గడ్డి, చినుకు పడితే పడింది.

నువ్వేమంటావో నాకు తెలుసు, నీ ఫోనులో వెతికి నా మీదికే తెస్తావు. మిన్నెసోటా వాళ్ళ ఆ నాలుగు పాయింట్లు బాబీ మార్షల్ అనే నల్లజాతి ఆటగాడు కొట్టిన ఫీల్డ్ గోల్‌వి. అదే బురదలో, అదే తడి బంతితో కొట్టాడు. వాన అతని మీద మాత్రం పడలేదా తాతా అంటావు. పడింది. నూట ఇరవై ఏళ్ళ కిందటి వాన గురించి నీతో వాదులాడే ఓపిక నాకు లేదు. షికాగో వైపు కాస్త ఎక్కువ పడి ఉంటుంది.